పేతురు ఎవరిని కాదన్నాడు?

దళిత క్రైస్తవుణ్ణి నిలదీసేవాళ్లు ఇద్దరుండారు. ఒకరు గుడి బయట, ఒకరు గుడి లోపల. ఇద్దరూ అడిగేది ఒకటే. కాగితంలో హిందువని రాయించుకొని ఆదివారం బైబిలు చంకలో పెట్టుకొని ఎట్ల పోతావయ్యా, అది అబద్ధం కాదా? బయటి మనిషి దాన్ని మోసం అంటాడు. లోపలి మనిషి పాపం అంటాడు. బయటి మనిషి చట్టాన్ని చూపిస్తాడు. లోపలి మనిషి పేతురును చూపిస్తాడు. కోడి కూసే లోపల మూడుసార్లు ఏసును ఎరగనన్న పేతురును. మా చిత్తూరు పక్క ఎస్సీ సర్టిఫికెట్ ఉండే విశ్వాసిని సంఘంలో చాటుమాటుగా 'పేతురు' అనడం చిన్నప్పటినుంచీ వింటున్నాను.

నాది బీసీ-సి సర్టిఫికెట్. మా నాయన ఉన్నది ఉన్నట్టు రాయించినాడు. మా చిన్నాయన తన కొడుక్కు ఎస్సీ మాదిగ, హిందూ అని రాయించినాడు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే గిన్నెలో సంగటి తిని, ఒకే గుడిలో బాప్తిస్మం పొందిన అన్నదమ్ముల బిడ్డలం సర్కారు లెక్కలో రెండు జాతులై పోయినాము. సంఘంలో మా నాయన దానియేలు. మా చిన్నాయన కొడుకు పేతురు. ఆ పొగడ్త మాకెందుకు వద్దో, ఆ తిట్టు మా అన్నకెందుకు తగదో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. తిట్టుపడినవాడే ఈ మాట చెబితే తన తప్పు కప్పుకుంటున్నాడంటారు. అందుకని పొగడ్త పడిన ఇంటివాణ్ణి నేను చెబుతున్నాను.

ముందు కాగితం సంగతి చూద్దాం. 1950 ఆగస్టు 10న షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అంటరానితనం వల్ల నలిగిన కులాల జాబితా అది. దాంట్లో మూడో పేరా ఒక తలుపు. హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులస్థుడిగా లెక్కించకూడదని ఆ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు ఆ తలుపు తీసినారు. 1990లో బౌద్ధులకు తీసినారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తీయలేదు. మన రాష్ట్రంలో 1970లో వెనకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు, ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లను 'సి' గ్రూపు చేసి ఒక శాతం ఇచ్చినారు. పదిహేను శాతం ఉండే ఇంట్లోంచి బయటికి పంపి, పంచలో ఒక శాతం చాప పరిచినట్టు. మళ్లా 1977లో ఇదే రాష్ట్ర ప్రభుత్వం, చట్టంతో పనిలేని ఆర్థిక సాయాలు దళిత క్రైస్తవులకు కూడా ఎస్సీల మాదిరే ఇయ్యాలని ఉత్తర్వు వేసింది. అంటే మతం మారినా వాడ మారలేదని, కూలి మారలేదని సర్కారుకు తెలుసు. తెలిసే ఒక చేత్తో లోను ఇచ్చి ఇంకో చేత్తో హక్కు వెనక్కి పెట్టుకుంది.

1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకొని బతికే మనిషి. రోడ్డు మీద చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు పెట్టించింది. పక్కపక్కన కూర్చొని కుట్టేవాళ్లలో హిందూ ఆది ద్రావిడులకు బంకు వచ్చింది. క్రైస్తవుడైన సూసైకి రాలేదు. ఇద్దరి మీదా కాసే ఎండ ఒకటే. ఇద్దరి చేతుల్లో ఉండే ఆరె ఒకటే. చెప్పు విసిరేసి 'కుట్రా' అనే గొంతు ఒకటే. కోర్టు మాత్రం, మతం మారినాక కూడా కులం ఉందని చూపితే చాలదు, కొత్త మతంలో కూడా ఆ కష్టం అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలన్నది. తోలు పని చేసే కులంలో పుట్టిన నాకు ఆ తీర్పు ఒక కేసు మాదిరి కనిపించదు. మా తాత రెడ్ల బావులకు కపిల బానలు కుట్టినాడు. పంపుసెట్లు వచ్చి కపిలలు పోయినాక చెప్పులు కుట్టినాడు. తాత బాప్తిస్మం తీసుకున్న మరుసటి దినం తోలు మెత్తబడిందా అని ఎవరూ అడగలేదు.

ఇంకో విచిత్రం ఉంది. క్రైస్తవుడైన దళితుడు మళ్లా హిందూ మతంలోకి పోతే, కులపోళ్లు అతన్ని చేర్చుకుంటే, అతని షెడ్యూల్డు కులం హోదా తిరిగొస్తుందని కోర్టులు చాలాసార్లు చెప్పినాయి. 2015లో కూడా సుప్రీంకోర్టు అదే చెప్పింది. అయితే ఈ మధ్యలో ఆ కులం యాడికి పోయింది? చొక్కా విప్పి వంకీకి తగిలించి, తిరిగొచ్చి తొడుక్కున్నట్టు కులాన్ని తగిలించి పోయినాడా? పోయిన కులం తిరిగి రావాలంటే అది యాడో ఒక తావ బతికే ఉండాలి గదా. మా ఊర్లో అయితే అది కదలకుండా వాడ మొదట్లోనే ఉంది. టీకొట్టులో మాకు ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసులో ఉంది.

2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను తీసెయ్యాలని, షెడ్యూల్డు కులాలకు మతంతో ముడి ఉండకూడదని చెప్పింది. 2022 అక్టోబరులో ఇదే ప్రశ్న మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువులు పొడిగిస్తూ వచ్చినారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది. మోసం అనే మాట నాకు అర్థమవుతుంది. కానీ మోసం అనాలంటే ముందు నిజం చెప్పే దోవ ఒకటి ఉండాలి. మా బిడ్డలకు నిజం ఏమి? 'నేను మాదిగను, నేను క్రైస్తవుణ్ణి, రెండూ ఒకేసారి.' ఈ వాక్యం రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. నిజం రాసేదానికి చోటు పెట్టకుండా, రాసిందంతా అబద్ధం అనడం ఏ న్యాయం?

ఆ గడి నింపే పని నా చేతికే వచ్చింది. నేను సర్కారు బడి అయ్యవారిని. జూన్ నెల వస్తే అడ్మిషన్ రిజిస్టరు నా ముందుంటుంది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం, మతం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నాకు ముందు మా వంశంలో ఎవరి గురించైనా ఇంకెవరో రాసినారు. ఇప్పుడు వేరేవాళ్ల బిడ్డల గురించి నేను రాయాల. ఒక సంవత్సరం ఒక తల్లి ఇద్దరు బిడ్డల్ని తీసుకొని వచ్చింది. మెడలో పసుపుతాడు లేదు, నుదుటిన బొట్టు లేదు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. చిన్నదాని పేరు అడిగితే బిడ్డే ముందుగా 'గ్రేసు' అనింది. తల్లి బిడ్డ నోరు మూసి 'గంగమ్మ సార్' అనింది. తిరుపతి గంగమ్మ పేరు. నేను పెన్ను పట్టుకొని ఊరికే ఉండిపోయినాను. ఆమె నా ముఖం చూసి అన్నది: 'సార్, మేమెవురో దేవునికి తెలుసు. తెలియంది గవర్నమెంటుకే గదా. దేవుని కాడ మళ్లా చెప్పుకుంటాము. ఈడ బిడ్డ చదువు చూడండి.'

నేను ఆమె చెప్పిందే రాసినాను. తల్లిదండ్రులు చెప్పింది రాయడం నా ఉద్యోగం. కానీ ఆమె మాట నన్ను చాన్నాళ్లు వదల్లేదు. ఆ మాటలో ఒక వేదాంతం ఉంది. దేవుణ్ణి మోసం చెయ్యలేము, కాబట్టి ఆయనకు కాగితం అక్కరలేదు. సర్కారుకు కాగితమే దేవుడు, కాబట్టి దానికి కాగితమే ఇయ్యాల. ఈ రెండు కొలువులను ఆమె కలపలేదు. మా పెద్దలు, మా కోర్టులు కలుపుతున్నారు.

ఇంక లేఖనాల దగ్గరికి వస్తాను. దాచుకోవడం పాపమంటే మన బైబిల్లో సగం మంది నిలబడరు. ఎస్తేరు సంగతి ఆదివారం బడిలో పిల్లలకు చెబుతాము. ఆ బిడ్డకు రెండు పేర్లు. ఇంట్లో హదస్సా, రాజు కొలువులో ఎస్తేరు. నీ జాతి ఏదో చెప్పొద్దని పెంచిన మొర్దెకై చెబితే చెప్పకుండా రాణి అయింది. ఎవరూ ఆమెను పాపాత్మురాలనలేదు. మా నాయనను దానియేలు అంటారే, ఆ దానియేలుకు బబులోను కొలువు రికార్డులో ఏం పేరుండేది? బెల్తెషాజరు. అది వాళ్ల దేవుడి పేరు కలిసిన పేరు. అగ్గిగుండంలో నిలబడిన ముగ్గుర్ని మనం షద్రకు, మేషాకు, అబేద్నెగో అని బిడ్డలకు కూడా పేర్లు పెట్టుకుంటాము. అవి బబులోను అధికారి పెట్టిన పేర్లు. అమ్మానాయన పెట్టిన పేర్లు హనన్యా, మిషాయేలు, అజర్యా. రికార్డులో పేరు మారింది గాని గుండం ముందు ఆ ముగ్గురూ మారలేదు. ఏ పేరు పెట్టినారనేది వాళ్ల చేతిలో లేదు. ఎవరికి మొక్కాలనేది మాత్రం వాళ్ల చేతిలో ఉంది.

పౌలు చేతిలో సర్టిఫికెట్ కూడా ఉంది. యెరూషలేములో కొరడాలతో కొట్టేదానికి కట్టేసినప్పుడు, రోమా పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టొచ్చునా అని అడిగినాడు. సైన్యాధికారి తాను ఎక్కువ డబ్బు పోసి ఆ పౌరసత్వం కొనుక్కున్నానంటే, నాకు పుట్టుకతోనే వచ్చిందన్నాడు పౌలు. ఆ హక్కును వాడుకొని కైసరు దాకా అప్పీలు చేసినాడు. పరలోకంలో నాకు పౌరసత్వం ఉంది, ఈ రోమా కాగితం ఎందుకని చించి పారెయ్యలేదు. పుట్టుకతో వచ్చిన దెబ్బకు పుట్టుకతో వచ్చిన కాగితాన్ని అడ్డం పెట్టడం పౌలుకు తప్పు కాకపోతే మాదిగవాడికి ఎట్ల తప్పు అవుతుంది?

తిరుపతిలో బతికేవాళ్లకు ఈ ప్రశ్న ఇంకో కొస నుంచి కూడా తగులుతుంది. ఈ ఊరి బతుకుతెరువులో చాలా భాగం కొండ మీద ఆధారపడి ఉంది. తిరుమలలో అన్యమత ప్రచారం చెయ్యకూడదని 2007లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో దేవస్థానం అన్యమతం పాటిస్తున్నారని 18 మంది ఉద్యోగుల మీద చర్య తీసుకుంది. ఒక గుడి తన కొలువులో తన భక్తులే ఉండాలనుకోవడం నాకు అర్థమయ్యే మాటే. దాని మీద నేను తగవు పెట్టుకోను. నేను చెప్పేది మా సంఘం లోపలి మాట. ఆ వార్త వచ్చిన వారం ఒక కూటంలో వాక్యం చెప్పేవాడు, ఇట్లాంటి ఉద్యోగాల్లో ఉండి నమ్మకాన్ని దాచుకునేవాళ్లంతా నులివెచ్చని విశ్వాసులని గొంతు చించుకున్నాడు. నాకు నయమాను గుర్తొచ్చినాడు. కుష్ఠు బాగయినాక నయమాను ఎలీషాను ఒక మాట అడుగుతాడు. మా రాజు రిమ్మోను గుడికి పోయి నా చెయ్యి పట్టుకొని మొక్కుతాడు, అప్పుడు నేను కూడా వంగాల్సి వస్తుంది, ఆ ఒక్కదాన్నీ దేవుడు క్షమించాల అంటాడు. ఎలీషా అతన్ని రాజీనామా చెయ్యమనలేదు. బాగా చేస్తున్నావనీ అనలేదు. సమాధానంగా పొమ్మన్నాడు. ఎలీషా చూపిన ఆ ఓర్పు మైకు ముందు నిలబడేవాళ్లకు ఎందుకు రాదో నాకు తెలియదు.

అట్లని దాచుకోవడం వల్ల నష్టం లేదని నేను చెప్పను. ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఆదివారం పొద్దున చిత్తూరు జిల్లాలో నాలుగు దళితవాడలు తిరిగినవాడెవడూ ఆ లెక్క నమ్మడు. మేము లెక్కలో లేము కాబట్టి మా గోడు కూడా లెక్కలో లేదు. హక్కు అడిగేదానికి పోతే, 'మీరు ఎంతమంది?' అంటారు. చెప్పేదానికి మా దగ్గర అంకె లేదు. ఒక్కొక్క ఇల్లు తన బిడ్డ కోసం దాచుకున్నది, అందరికీ కలిపి నోరు లేకుండా చేసింది. ఇంకొక నష్టం బిడ్డలది. ఇంట్లో గ్రేసు, బళ్లో గంగమ్మ అయిన బిడ్డ ఆరేండ్లకే నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది. అది అబద్ధం కాదు, భయం. భయం అబద్ధం కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఈ నష్టాలు నాకు తెలుసు కాబట్టే మా నాయన రాయించిన దాన్ని నేను మార్చుకోలేదు. డీఎస్సీ రెండుసార్లు పోయి మూడోసారి వచ్చింది. మా అన్నకు ఎస్సీ కోటాలో కరెంటు పని నాకంటే ఏడేండ్లు ముందే వచ్చింది. ఆ ఏడేండ్లు ఇంట్లో బియ్యం కొనింది కూడా ఆ జీతమే. మా నాయన నిజానికి వెనక నుంచి కూడు పెట్టింది 'పేతురు' అనిపించుకున్నవాడి ఉద్యోగం. ఈ మాట ఏ ప్రసంగంలోనూ రాదు.

అయితే పేతురు చేసిన తప్పు ఏమి? నా ఆలోచన అంతా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మనుషుల ముందు తనను కాదన్నవాణ్ణి తండ్రి ముందు తానూ కాదంటానని ఏసు చెప్పినాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోను. కానీ కాదనడం అంటే ఏమిటో ఆ రాత్రి సంగతిలోనే ఉంది. ప్రధాన యాజకుని ఇంటి వాకిట్లో బొగ్గుల మంట వేసినారు. చలికి పేతురు ఆ మంట కాడ నిలబడినాడు. లోపల ఏసును కట్టేసి చెంప మీద కొడుతున్నారు. నువ్వు కూడా ఆ మనిషితో ఉన్నోడివే గదా అని ఒక పనిపిల్ల అడిగింది. పేతురు మతం ఏమని ఎవరూ అడగలేదు. ఏ గడిలో ఏం రాసినావని అడగలేదు. దెబ్బలు తింటున్న ఆ మనిషి నీకేమవుతాడు? అదీ ప్రశ్న. ఆ మనిషిని నేను ఎరగనన్నాడు పేతురు. మూడోసారి, నీ మాట యాసే నిన్ను పట్టిస్తావుందని చుట్టూ ఉన్నోళ్లు అన్నారు. గలిలయ యాస. కొండపల్లె మనుషుల యాస. మా మాదిగపల్లె బిడ్డ తిరుపతి కాలేజీలో నోరు తెరిస్తే ఏ వాడనో తెలిసిపోయినట్టే. కాబట్టి పేతురు కాదన్నది ఒక నమ్మకాన్ని కాదు. దెబ్బలు తినే మనిషిని, తన యాసవాణ్ణి, తనవాణ్ణి కాదన్నాడు. మంట కాడ చోటు పోతుందని కాదన్నాడు.

పేతురు ఇంకోసారి కూడా కాదన్నాడు. అది మా ప్రసంగాల్లో ఎక్కువ వినపడదు. గలతీయుల పత్రికలో ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనుల విశ్వాసులతో కలిసి పంక్తిలో తింటా ఉన్నాడు. యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చేసరికి, వాళ్లేమనుకుంటారోనని లేచి పక్కకు పోయినాడు. అంటు భయంతో పంక్తిలోంచి లేచినాడు. పౌలు అందరి ముందరా అతన్ని ఎదిరించినాడు. వాకిట్లో కాదన్నందుకు పేతురే బయటికి పోయి ఏడ్చినాడు. పంక్తిలో కాదన్నందుకు ఇంకొకడు లేచి అడగాల్సి వచ్చింది.

ఈ రెండో పేతురును ముందర పెట్టుకొని మా గుళ్లను చూడండి. 1850లోనే మద్రాసులో మిషనరీలు కూడి, కులం విడిచినానని చూపించాలంటే పరయ కులస్థుడు వండింది తినేదానికి సిద్ధంగా ఉండాలని తీర్మానం చేసుకున్నారు. 1853లో స్కడర్ అన్నదమ్ములు ఆర్కాటు మిషను పెట్టినారు. 1863లో జేకబ్ చేంబర్లేన్ మదనపల్లికి వచ్చినాడు. తిరుపతి, నాయుడుపేట పక్క జర్మనీ లూథరన్లు, వాళ్ల తర్వాత అమెరికా లూథరన్లు పని చేసినారు. ఆసుపత్రులు పెట్టినారు, బడులు పెట్టినారు. మా తాతకు మొదటిసారి 'కూర్చో' అని కుర్చీ చూపించింది మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలోనే. ఆ రుణం నేను మరిచిపోను. కానీ నూటయాభై ఏండ్ల తర్వాత కూడా మాలల గుడి, మాదిగల గుడి అని ఊర్లో దోవ చెబుతారు. నేను పెరిగిన సంఘం పేరు చెప్పను. అక్కడ పై కులం నుంచి వచ్చిన ఒక కుటుంబం ప్రభు భోజనానికి ముందు వరసలో వచ్చేది. గిన్నె మా దాకా వచ్చేలోపల వాళ్లు తాగి పక్కకు పోయేవాళ్లు. ఎవరూ రూలు పెట్టలేదు. అట్ల జరిగిపోయేది, అంతే. సమాధుల తోటలో కూడా మాకు వాగు పక్క తావే దొరికేది. పెండ్లి సంబంధాల కాడ ఏ విశ్వాసీ గలతీయుల పత్రిక తెరవడు. క్రైస్తవ సంఘం కులంతో పోట్లాడలేదని, మతం మారిన అంటరానివాడి న్యాయం కోసం నిలబడలేదని అంబేడ్కర్ తప్పుపట్టినాడు. 1981లో అరవింద్ నిర్మల్ బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో మాట్లాడి దళిత వేదాంతానికి దోవ వేసినాడు. ఆ వేదాంతం సెమినరీ గోడ దాటి మా వాడ గుడి పల్పిట్ ఎక్కిందా అంటే, చాలా తావుల ఇంకా లేదు. బల్ల కాడ లేచిపోయే పేతురుకు కుర్చీ వేసి, కాగితం కాడ తలవంచిన మనిషిని పేతురు అంటే సంఘానికి ఏ మొహం ఉంది?

ఇప్పుడు ఒక సంగతి చెప్పి నా మాట తేటపరుస్తాను. మా పెద్దన్న కొడుకు, ఇంటర్ చదివే పిల్లోడు. ఊరి జాతరలో బండి దోవకు అడ్డం పెట్టినాడని ఊరోళ్ల పిల్లోళ్లు కులం పేరు పెట్టి తిట్టి కొట్టినారు. చెయ్యి ఇరిగింది. వాళ్లు వాడి మెడలో సిలువను చూసి కొట్టలేదు. వాడు ఏ పల్లె నుంచి వచ్చినాడో తెలిసి కొట్టినారు. స్టేషనులో కేసు రాసేటప్పుడు ముందుగా అడిగింది కుల సర్టిఫికెట్. బీసీ-సి అని చూసి, అట్రాసిటీ చట్టం దీనికి రాదన్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో ఇదే చెప్పింది. క్రైస్తవం పాటించేవాడు ఎస్సీ కాడు, కాబట్టి ఆ చట్టం కింద ఫిర్యాదు నిలవదని. కొట్టేవాడికి మన మతం తెలియదు, చట్టానికి మన కులం తెలియదు. మధ్యలో ఎముక ఇరిగింది మన పిల్లోడిది.

నేను బడినుంచి స్టేషనుకు పోయేసరికి మా అన్న, ఆ ఎస్సీ సర్టిఫికెట్ అన్న, డ్యూటీ చొక్కాతోనే అక్కడ నిలబడి ఉన్నాడు. జరిగింది కండ్లారా చూసినవాడు ఆయనే. సాక్షిగా పేరు రాయమంటున్నాడు. రాసేవాడు తలెత్తి, 'వీడు నీకేమవుతాడు?' అని అడిగినాడు. అది మామూలు ప్రశ్న కాదు. ఆ పిల్లోడు క్రైస్తవుడని కాగితం చెబుతావుంది. నావాడని అంటే, నువ్వెవరని నాలుగు దినాల తర్వాత ఇంకో ఆఫీసు అడుగుతుంది. ఉద్యోగం మీదికి వస్తుంది. ఆయన ఇంట్లో ఇద్దరు బిడ్డలు. అన్న ఆలోచించినట్టు కూడా నాకు కనపడలేదు. 'మా అన్న కొడుకు సార్. ఒకే ఇంటోళ్లం. రాసుకోండి' అన్నాడు.

మా నాయనను దానియేలు అన్న సంఘ పెద్దల్లో ఒక్కరు కూడా ఆ దినం స్టేషను మెట్లెక్కలేదు. ప్రార్థన చేస్తామన్నారు. చేసే ఉంటారు. నేను వాళ్లను తిట్టను. కానీ ఆ వాకిట్లో అడిగిన ప్రశ్ననే అడిగినారు, దానికి జవాబు చెప్పినవాడు ఒక్కడే. మేం పేతురు అన్నవాడు.

అప్పటినుంచి నాకు కొలత మారింది. గడిలో ఏం రాసినావని నేను ఎవర్నీ అడగను. ఎస్సీ కాగితం ఉన్నవాడు ఆ కాగితంతో వచ్చిన కుర్చీలో కూర్చొని, దెబ్బలు తిన్న వాడ పిల్లోణ్ణి 'నాకు తెలియదు' అంటే అది కాదనడం. బీసీ-సి కాగితం ఉన్నవాడు నాది శుద్ధమైన సాక్ష్యమని గుడిలో కూర్చొని స్టేషనుకు పోకపోతే అదీ కాదనడమే. మందిరం కట్టేదానికి మా కానుకలు తీసుకొని, మూడో పేరా మీద ఒక్క ఆదివారం కూడా నోరు తెరవని సంఘం కాదంటా ఉంది. ఆకలిగొన్నవాళ్లలో, చెరసాలలో ఉన్నవాళ్లలో తానున్నానని ఏసు చెప్పినప్పుడు, వాళ్లను కాదంటే తనను కాదన్నట్టేనని చెప్పినట్టు. ఆ లెక్కకు సర్టిఫికెట్ నంబరు అవసరం లేదు.

పునరుత్థానం తర్వాత గలిలయ సముద్రం ఒడ్డున మళ్లా ఒక బొగ్గుల మంట ఉంది. దాని మీద చేపలు, రొట్టె. ఆ మంట కాడ ఏసు పేతురును ఆ రాత్రి ఎందుకట్ల చెప్పినావని అడగలేదు. ప్రేమిస్తున్నావా అని అడిగినాడు, నా గొర్రెల్ని మేపమని పని చెప్పినాడు. క్షమాపణ పత్రం కాదు, పని.

మా ముందున్న పని కూడా తేటగానే ఉంది. 1950 ఉత్తర్వులో మూడో పేరా పోవాల. మాదిగ అని, క్రైస్తవుడు అని రెండూ ఒకే కాగితంలో భయం లేకుండా రాసుకునే దినం రావాల. దానికోసం ఎస్సీ కాగితం ఉన్నోళ్లూ బీసీ-సి కాగితం ఉన్నోళ్లూ ఒకే దర్నాలో కూర్చోవాల. సంఘాలు ఒకే గిన్నెలో తాగి, ఒకే తోటలో పూడ్చి, ఆ తర్వాతే మన నిజాయితీ గురించి మాట్లాడాల. ఆ దినం వచ్చేదాకా, బిడ్డ చదువు కోసం ఒక తల్లి నా ముందు ఏ పేరు చెబితే ఆ పేరు రాస్తాను. కానీ ఆ బిడ్డను బళ్లో నేను గ్రేసూ అని పిలిచినప్పుడు అది భయపడకుండా పలికేటట్టు చూసుకోవడం కూడా నా ఉద్యోగమే.